నీలగిరి రోడోడెండ్రాన్: జాతి అనాలా, ప్రజాతి అనాలా?

సందేహం: ఊటీ వెళ్లొచ్చి మా తెలుగు సంఘం పత్రికకు చిన్న వ్యాసం రాశాను. అందులో ‘రోడోడెండ్రాన్ ఆర్బోరియం అనే పెద్ద సతతహరిత ప్రజాతి నీలగిరి కొండల్లో పెరుగుతుంది’ అన్నాను. ‘ప్రజాతి కాదు, జాతి’ అంటారు మావారు. ‘హిందీలో ప్రజాతి అనే కదా’ అంటారు పక్కింటావిడ. ఏది ఒప్పు? తమిళులు ఆ చెట్టును కాట్టు పూవరసు అంటారు. మనం అడవి గంగరావి అనవచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: మీవారన్నదే ఒప్పు. తెలుగు వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో కుటుంబం కింద ప్రజాతి, ప్రజాతి కింద జాతి వస్తాయి. రోడోడెండ్రాన్ అన్నది ఎరికేసీ కుటుంబంలోని ప్రజాతి. దాని కింద సుమారు వెయ్యి జాతులున్నాయి, ఆర్బోరియం అందులో ఒకటి. మీరు ఊటీలో చూసింది ఆ జాతిలోని ‘నీలగిరికం’ అనే ఉపజాతి.

హిందీ పత్రికలు ప్రజాతి అనేది మనం జాతి అనేదాన్నే. ఆ వార్తలు తెలుగులోకి వచ్చేటప్పుడు మాట కూడా అలాగే దిగిపోతోంది. ‘అంతరించిపోతున్న ప్రజాతులు’ అని చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ప్రజాతి అంతరించడమంటే దాని కిందున్న జాతులన్నీ పోవడం! తమిళ పాఠాల్లో పేరినం, సిట్రినం అంటారు కాబట్టి ఏది పెద్దదో వినగానే తెలుస్తుంది. మనకూ గుర్తు ఉంది: పితామహుడికి పైతరం ప్రపితామహుడు, జాతికి పైది ప్రజాతి.

అయితే మీ వాక్యంలో అసలు చిక్కు ‘పెద్ద సతతహరిత’ అన్నచోట ఉంది. ఆ మాటల తర్వాత జాతి అన్నా ప్రజాతి అన్నా, శాస్త్రజ్ఞులు ఎత్తునూ ఏడాదంతా పచ్చగా ఉండడాన్నీ బట్టి అలా ఒక వర్గం కట్టారేమో అనిపిస్తుంది. అలాంటి వర్గం లేదు. హిమాలయాల్లో ఆంథోపోగాన్ అనే జాతి చిన్న పొద. అదీ సతతహరితమే. నాగాలాండ్‌లోని జాప్ఫు కొండ మీద ఆర్బోరియం చెట్టొకటి 108 అడుగులు పెరిగి గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఈ రెండింటినీ వేరుచేసేది ఎత్తు కాదు, ఆకు అడుగుభాగం. ఆంథోపోగాన్ ఆకును తిప్పి భూతద్దంతో చూస్తే సన్నటి పొలుసులు కనిపిస్తాయి. ఆర్బోరియం ఆకు పైన నిగనిగలాడుతుంది, కింద నూగు పట్టి ఉంటుంది, పొలుసు మాత్రం ఉండదు. అందుకే ఇది హైమెనాంథెస్ అనే ఉపప్రజాతిలో చేరింది. రెండడుగులు దాటే ఆకులు వేసే సైనోగ్రాండే అనే జాతి కూడా అందులోదే. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో పువ్వులో పుప్పొడి మోసే కేసరాలు లెక్కపెట్టి, పది ఉన్నవాటిని రోడోడెండ్రాన్ అనీ ఐదున్నవాటిని అజేలియా అనీ రెండు ప్రజాతులుగా విడదీశాడు. తర్వాతివారు రెండూ కలిపేశారు. ఊటీ నర్సరీల్లో కుండీల్లో అమ్మే అజేలియా కూడా ఇప్పుడు రోడోడెండ్రానే.

కాబట్టి వర్ణననూ వర్గాన్నీ విడదీసి ఇలా రాయండి: ‘నీలగిరి కొండల్లో రోడోడెండ్రాన్ ఆర్బోరియం అనే జాతి పెరుగుతుంది. ఇది ఎర్రటి పూలు పూసే సతతహరిత వృక్షం.’ సతతహరితం అంటే ఆకు రాలదని కాదు, చెట్టు ఒకేసారి మోడు కాదని.

ఇక అడవి గంగరావి వద్దు. పూవరసు అంటే మన గంగరావే, నిజమే. మద్రాసు పిల్లలు ఆకు చుట్టి పీపీ ఊదే చెట్టు అదే. కానీ అది బెండ, పత్తి ఉన్న మాల్వేసీ కుటుంబానిది, పసుపు పూలది. తమిళుల నోట కాట్టు పూవరసు ఆ కొండల్లో వాడుకైన పేరు, వింటే ఏ చెట్టో అక్కడివారికి తెలుసు. తెలుగు పాఠకుడికి అడవి గంగరావి అంటే అడవిలో మొలిచిన గంగరావే గుర్తొస్తుంది. రోడోడెండ్రాన్ అనే రాసి, పక్కన ‘తమిళంలో కాట్టు పూవరసు’ అని చేర్చండి, చాలు.