ఆర్గానిక్ కెమిస్ట్రీ బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా?

ల్యాబ్‌లోనే. వేరే దారి ఉందంటే నేను నమ్మను. ఎం.ఎస్సీ.లో చేరబోతున్నాను, రియాక్షన్లు గుర్తుండట్లేదు, ఏ పుస్తకం కొనమంటారు అని అడిగారు కదా, పుస్తకం తర్వాత కొనుక్కోవచ్చు.

నా డిగ్రీ ఒక ప్రైవేటు కాలేజీలో అయింది. అక్కడ ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు తెచ్చుకుని దింపేయడమే. అనిలిన్ నుంచి తయారుచేసే ఎసిటనిలైడ్ మెల్టింగ్ పాయింట్ (కరిగే ఉష్ణోగ్రత) 114 డిగ్రీలని నేనూ రాశాను, దాన్ని కంటితో చూడకుండానే.

పీజీలో మొదటిసారి నిజంగా చేశాను. ఏప్రిల్ నెల, వరంగల్ ఎండలు మీకు తెలిసినవే, నల్లా నీళ్లే వేడిగా వస్తుంటే హనుమకొండ చౌరస్తాలో చెరుకురసం బండి దగ్గర ఐసు కొనుక్కొచ్చాం. అనిలిన్‌లో ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపి ఐసు నీళ్లలో పోస్తే ఎసిటనిలైడ్ తెల్లగా దిగింది, దాన్ని మరిగే నీళ్లలో కరిగించి మెల్లగా చల్లారనిస్తే మెరిసే రేకులు వచ్చాయి. ఆత్రం ఆగక, ఆరకముందే కేపిలరీలో (సన్నటి గాజు గొట్టంలో) కూరి, మెల్టింగ్ పాయింట్ చూసే థీల్ ట్యూబ్‌లో పెట్టాను. 103 దగ్గరే చెమ్మగిల్లడం మొదలై 109కి కరిగింది. 114 వేసేద్దామని పెన్ను తీస్తుంటే మేడం చూసి, "వచ్చిందే రాయి, ఎందుకు తగ్గిందో రేపు చెప్పు" అన్నారు. మర్నాడు బాగా ఆరిన రేకులతో మళ్లీ చూస్తే 113 దాటాక టక్కున కరిగిపోయింది. మలినం ఉంటే మెల్టింగ్ పాయింట్ తగ్గుతుందని ఎన్నిసార్లు చదివానో, మిగిలిపోయిన తడి కూడా మలినమేనని మాత్రం ఆ రోజే తెలిసింది.

తర్వాతి వారం అనిలిన్‌లో బ్రోమిన్ నీళ్లు వేశాం. క్షణంలో తెల్లటి మడ్డి, దాని బెంజీన్ రింగు మీద ఒకేసారి మూడు బ్రోమిన్లు ఎక్కేశాయి. ఎసిటనిలైడ్‌కైతే ఒక్కటే, అదీ ఎక్కువగా పారా చోట, అంటే రింగులో నైట్రోజన్‌కు సరిగ్గా ఎదురుగా. నైట్రోజన్ దగ్గరున్న ఎలక్ట్రాన్ జంటను ఎసిటనిలైడ్‌లోని కార్బొనిల్ (C=O) తనవైపు లాక్కుంటుంది కాబట్టి రింగుకు ఊపు తగ్గుతుంది. ఆ రెండు టెస్ట్‌ట్యూబులు పక్కపక్కన చూశాక, యాక్టివేటింగ్ గ్రూపుల (రింగుకు ఊపునిచ్చేవాటి) పట్టిక నేను మళ్లీ బట్టీ పట్టలేదు.

ఇంకోమాట, అనిలిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, విషం. మాకు గ్లవ్స్ ఎవరూ ఇవ్వలేదు, అడగాలని కూడా తెలియదు. మీకూ ఇవ్వకపోతే సొంతంగా కొనుక్కునైనా వెళ్లండి.