పేపర్ చదవకముందే మార్కు పడిపోతుందా?

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మా బాబు తొమ్మిదో తరగతి. చేతిరాత అంతంతమాత్రం, క్లాసులో మాటలెక్కువ, అది నేనూ ఒప్పుకుంటా. మొన్న సోషల్ పేపర్ తెస్తే పక్కింటి పాపది కూడా తీసుకుని పక్కపక్కన పెట్టి చూశా. 4 మార్కుల ప్రశ్నకి ఇద్దరూ అవే పాయింట్లు రాశారు, ఆ పాపకి నాలుగు, మావాడికి రెండు. "ఆ సార్‌కి నేనంటే పడదమ్మా, ఏం రాసినా ఇంతే" అని పుస్తకం పక్కన పడేస్తున్నాడు. నిజంగా ఇలా జరుగుతుందా, వీడే సాకు చెప్తున్నాడా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: జరుగుతుందమ్మా. సాకు అని వాడి నోరు మూయించకండి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, నా చేతుల మీదే జరిగింది కాబట్టి చెప్తున్నా. బాగా చదివే పిల్ల పేపర్లో ఒక పాయింట్ లేకపోతే 'దీనికి తెలుసులే, తొందర్లో వదిలేసింది' అనుకుని మార్కు వేసేసేదాన్ని, అదే వెనక బెంచీ పిల్లాడు ఆ పాయింట్ వదిలేస్తే 'వీడికి రాదు' అని కొట్టేసేదాన్ని. పేపర్ మీద ఇద్దరిదీ ఒకటే ఖాళీ, ఒకరి ఖాళీని నేనే నింపాను. కావాలని చేసింది కాదు, అందుకే చాలా ఏళ్లు నాకు తెలియనేలేదు.

మన దేశంలోనే దీని మీద ఒక పరిశోధన జరిగింది, 2012లో అచ్చయింది. పిల్లలకి పరీక్ష పెట్టి, ఆ పేపర్ల మీద కవర్ షీట్‌లో కులం, వయసు లాంటి వివరాలు లాటరీ తీసినట్టు ఇష్టమొచ్చినట్టు మార్చేసి టీచర్లకి దిద్దమని ఇచ్చారు. రాసిన జవాబుకీ పైనున్న కులానికీ సంబంధమే లేదు, అయినా తక్కువ కులం అని ఉన్న పేపర్లకి మార్కులు కాస్త తగ్గాయి. తేడా చిన్నదే, కానీ ఉంది. నన్ను బాగా పట్టుకున్నది ఏంటంటే, ఆ తేడా కట్టలో మొదట దిద్దిన పేపర్లలోనే ఎక్కువ కనిపించింది. అంటే ఏ జవాబుకి ఎంత వెయ్యాలో మనసులో ఇంకా కుదురుకోనప్పుడు, ఆ జాగాలోకి పేరూ కులమూ వచ్చి కూర్చుంటాయన్నమాట.

మార్కులకంటే నాకు భయం వేసేది మీవాడు పుస్తకం పక్కన పడేయడం గురించి. అమెరికాలో రోసెంతాల్, జాకబ్సన్ అనే ఇద్దరి పరిశోధన 1968లో పుస్తకంగా వచ్చింది. వాళ్లు కాలిఫోర్నియాలో ఒక స్కూల్లో కొంతమంది పిల్లల పేర్లు ఊరికే ఎంచి, 'వీళ్లు ఈ ఏడాది బాగా ఎదుగుతారు' అని టీచర్లకి చెప్పారు. ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లలు నిజంగానే ముందుకెళ్లారని రాశారు. ఎంత ముందుకి అన్నదాని మీద తర్వాత బోలెడు వాదనలు వచ్చాయి, అయినా టీచర్ చూపు పిల్లాడికి తగులుతుందన్నది ప్రతి టీచరుకీ తెలుసు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. పక్కింటి పాప పేపర్ తీసుకుని గొడవకి మాత్రం వెళ్లొద్దు, ఆ పాప ఇరుక్కుంటుంది, సార్ కూడా బిగుసుకుపోతారు. మీవాడి పేపర్ ఒక్కటే తీసుకెళ్లి "సార్, ఈ రెండు మార్కులు ఎక్కడ పోయాయో చెప్తే వాడితో ఇంట్లో రాయిస్తాను" అనండి. సార్ అప్పుడు పేరుని కాదు, జవాబుని చదవాల్సి వస్తుంది. అడగడం తప్పేం కాదు, బోర్డు పరీక్షల్లో దిద్దిన పేపర్ చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది. చేతిరాత సంగతి వేరు, పాయింటుకో లైను వదిలి రాయమనండి, కంటికి కనిపిస్తాయి.

ప్రశ్న: కొత్తగా గురుకులంలో చేరాను మేడమ్. నేను ఇలా చేయకుండా ఉండాలంటే?
– ఓ యువ టీచర్, కర్నూలు జిల్లా

జవాబు: ఈ ప్రశ్న నాకు చేరిన రోజున, ఇలా అడిగే టీచర్ ఒకరైనా ఉన్నారని సంతోషమేసింది తల్లీ. పబ్లిక్ పరీక్షల స్పాట్ వాల్యుయేషన్‌లో పేర్లు ఎందుకు దాస్తారో అదే నువ్వు క్లాసులో చెయ్యి, పేరు, రోల్ నంబర్ వెనక పేజీలో రాయించు. కట్ట ముట్టుకునే ముందే ఏ పాయింట్‌కి ఎంతో కాగితం మీద రాసుకో. ఒక్కొక్కరి పేపర్ మొత్తం కాకుండా అందరిదీ ఒకటో ప్రశ్న, తర్వాత అందరిదీ రెండో ప్రశ్న దిద్దు, ప్రశ్న మారినప్పుడల్లా కట్టలో పేపర్ల వరస మార్చు, మొదట దిద్దిన అయిదూ చివర్లో మళ్లీ చూడు. ప్రాజెక్టులకి, ఇంటర్నల్స్‌కి పేరు దాచలేం కదా, అక్కడ దేనికెన్ని మార్కులో పిల్లలకి ముందే బోర్డు మీద రాసెయ్యి. ఎవరినైనా తిట్టిన రోజు మాత్రం ఆ క్లాసు కట్ట తెరవకు, మర్నాడు దిద్దు.