ముందు పోలీసును రాయి

అబ్బాయీ,

నీ కథ చదివాను. నాలుగో పేజీలో "అతని చిరునవ్వుకే ఖజానా తలుపు తెరుచుకుంది" అన్నావు చూడు, అక్కడ కాగితాలు పక్కన పడేయబుద్ధేసింది. ఖజానా తలుపు తాళంచెవికి తెరుచుకుంటుంది, అంకెలకు తెరుచుకుంటుంది, లేదంటే గ్యాస్ కట్టర్‌కు తెరుచుకుంటుంది. అవేవీ రాయలేక చిరునవ్వు రాశావు. రెండు తాళాల గుత్తుల్లో అసలుది ఏదో వాచ్‌మన్ తానే మరిచిపోవడం మాత్రం బాగుంది, దాన్ని ముట్టుకోకు.

లూపిన్ అనే దొంగ మీద జపాన్‌వాళ్లు తీసిన లూపిన్ ది థర్డ్ టెలివిజన్ యానిమేషన్ సినిమాలు చూశాక ఈ దొంగ పుట్టాడన్నావు. అయితే ఆ వరసలో మొట్టమొదటిది, 1989 ఏప్రిల్ 1న నిప్పన్ టెలివిజన్‌లో వచ్చినది, దెజాకి ఒసాము దర్శకత్వం వహించినది, ఇంకోసారి చూడు. ఈసారి దొంగను వదిలేసి అతని ఎదురుగా ఉన్న గోడను చూడు. లూపిన్ పనితనమంతా ఇంటర్‌పోల్ కంప్యూటర్లోకి ఎక్కిపోయింది. అతను ఏం చేయబోతాడో యంత్రం ముందే చెప్పేస్తుంది. ఇక దొంగతనం మానేద్దామన్నంత దూరం వెళ్తాడు. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీలో దాగిన వజ్రం సంగతి ఆ తర్వాతే. ముందు దారి మూసి, ఆ తర్వాత సొత్తు చూపించారు. నువ్వు సొత్తుతో మొదలుపెట్టి దారి ఊసే మరిచావు.

నీ ఇన్‌స్పెక్టర్ అరటి తొక్క మీద జారిపడ్డాడు. లూపిన్ వెంటపడే ఇన్‌స్పెక్టర్ జెనిగాత కూడా పడతాడు, తడుస్తాడు, అరుస్తాడు, నవ్వులపాలవుతాడు. కానీ లూపిన్ ఎక్కడికి వస్తాడన్నది అతను పసిగట్టినట్టు ఇంకెవరూ పసిగట్టరు. 1979లో మియజాకి తీసిన కాలియోస్ట్రో సినిమాలో అతను దొంగనోట్ల అచ్చుయంత్రాన్ని కళ్లారా చూస్తాడు. పైవాళ్లు రాజకీయాలకు జడిసి కదలరు. అప్పుడేం చేస్తాడు? లూపిన్ని తరుముతున్న నెపంతో టెలివిజన్ కెమెరాను వెంటబెట్టుకుని నేలమాళిగలో దిగి, అప్పుడే కంటపడినట్టు ఆ నోట్లను లోకానికి చూపిస్తాడు. అలాంటివాడు వెంటపడితేనే దొంగకు గొప్ప.

కాబట్టి కథ పక్కన పెట్టి ఒక పేజీ రాయి. దొంగతనానికి ముందురోజు ఇన్‌స్పెక్టర్ రాసుకున్న డ్యూటీ నోట్ అది. కాపలా ఎంతమంది, ఎవరు ఎన్నింటికి మారతారు, ఏ తలుపుకు ఏ తాళం, ఎవరి మీద అనుమానం. నీకు తోచిన మార్గాలన్నీ అతని చేతే మూయించు. ఒక్కటి మిగలాలి. అదైనా అతని తెలివితక్కువతనం వల్ల కాదు, అతని చేతిలో లేని కారణం వల్ల మిగలాలి: మ్యూజియం వస్తువును కదపకూడదన్న నిబంధన, పైఅధికారి సంతకం రాకపోవడం, అలాంటిదేదో. ఆ సందులోంచే నీ దొంగ దూరాలి.

లూపిన్ ముందుగా చీటీ పంపి మరీ వస్తాడు. అది వట్టి డాబు కాదు. ఏ వస్తువు, ఏ చోటు, ఏ వేళ అన్నవి ఆ చీటీతోనే పాఠకుడికి తెలిసిపోతాయి, వర్ణన ఖర్చు తగ్గుతుంది. పథకం విషయంలో మాత్రం జాగ్రత్త. అది పాఠకుడికి ముందే చెబితే మధ్యలో చెడాలి. చెప్పకపోతేనే పారాలి. నువ్వు ఆరో పేజీలో పథకమంతా చెప్పి, ఎనిమిదో పేజీలో అచ్చం అలాగే జరిపించావు. ఒకే పని రెండుసార్లు చదివించినట్టయింది. మారువేషం కథకు ఒక్కటి చాలు, అదీ ముసుగు తీసేలోపు రెండు చిన్న ఆనవాళ్లు వదిలితేనే. నీవి మూడున్నాయి, ఆనవాలు ఒక్కటీ లేదు.

లెక్కలు చూసుకో. బ్యాంకు ఖజానాల్లో ఉండే పెద్ద బంగారు కడ్డీ సుమారు పన్నెండున్నర కిలోలు. నలభై కడ్డీలంటే అర టన్ను. నీవాడు వాటిని సూట్‌కేసులో పెట్టుకుని ఈల వేస్తూ మెట్లెక్కాడు! డాలర్లయితే నయం: వంద డాలర్ల నోట్లలో పది లక్షలంటే పది కిలోలే. తుపాకీ సంగతీ అంతే. లూపిన్ జతగాడు జిగెన్ చేతిలోని స్మిత్ అండ్ వెసన్ మోడల్ 19లో ఆరు తూటాలు, లూపిన్ వాల్తర్ పీ38 మ్యాగజైన్‌లో ఎనిమిది. నీ రివాల్వర్ ఆగకుండా పదకొండు పేల్చింది.

ఇలాంటి వివరాలు "టెక్నికల్ గొడవ" అని కొట్టేసే సంపాదకులు నీకూ తగులుతారు. శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో శర్విలకుడనే దొంగ గోడ ఏ ఇటుకతో కట్టారో చూసుకుని, కాల్చిన ఇటుకకు పూర్ణకుంభం ఆకారంలో కన్నం తగునని తేల్చుకుని, కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. శూద్రకుడు వీళ్ల చేతిలో పడలేదు కాబట్టి ఆ కన్నం మనదాకా వచ్చింది.

తల్లి జబ్బు కోసం దొంగయ్యాడన్న పేజీన్నర మొత్తం తీసెయ్. ఈమధ్య ఏ దొంగను చూసినా ఆసుపత్రి బిల్లు చేతపట్టుకునే వస్తున్నాడు. 1967లో బొమ్మల కథగా లూపిన్‌ను పుట్టించిన మంకీ పంచ్ అతనికి ఇచ్చిన సాకు ఒక్కటే, పాత ఫ్రెంచి కథల్లోని దొంగ ఆర్సెన్ లూపిన్ మనవడు కావడం. మిగతాదంతా సరదా.

చివర్లో కడ్డీలన్నీ దొంగకే కట్టబెట్టావు. కాలియోస్ట్రోలో మోంటే కార్లో కాసినో నుంచి కారు నిండా తెచ్చిన డబ్బు దొంగనోట్లని తెలియగానే లూపిన్ రోడ్డు మీదే పారబోస్తాడు. ఆఖరున దొరికిన నిధి నీళ్లడుగున బయటపడిన రోమన్ నగరం, జేబులో పట్టేది కాదు. సొత్తు పోయే దారి కూడా మొదట్లోనే వేసి పెట్టాలి. లూపిన్‌తో చేతులు కలిపి, చివర్లో సొత్తుతో ఉడాయించే ఫుజికో ఉన్నది చాలావరకు అందుకే.

డ్యూటీ నోట్ ఒక్కటే ముందు పంపు, కథ తర్వాత. అన్నట్టు, మూడో పేజీలో కాపలా మారేది రెండింటికి అన్నావు, తొమ్మిదో పేజీలో మూడున్నర అయింది. సరిచేసుకో.