హాజరు పట్టీలో సంతకాలుంటే ప్రజా భాగస్వామ్యం అయినట్టేనా?

రెండు గ్రామాల్లో తాగునీటి సమస్య మీద బృంద చర్చలు జరిపి, వచ్చినవారందరి సంతకాలూ తీసుకున్నామని, సిద్ధాంత గ్రంథంలో దీన్ని ‘ప్రజల భాగస్వామ్యంతో జరిగిన పరిశోధన’గా పేర్కొనవచ్చా అని మీరు అడిగారు. మీరు చెప్పినంతలో చూస్తే అలా రాయడం సరికాదని నా అభిప్రాయం. మీరు చేసింది సంప్రదింపు. అది విలువైన పనే గనుక ఆ పేరుతోనే చెప్పండి. సమాచారం ఇచ్చినవారు దాన్ని మళ్లీ చూసుకోగలిగి, తప్పుంటే దిద్దగలిగి, దాని ఆధారంగా తీసుకునే నిర్ణయంలో తమ మాట నెగ్గించుకునే అవకాశం ఉన్నప్పుడే దాన్ని భాగస్వామ్యం అనాలి. పౌర భాగస్వామ్యానికి స్థాయిలు ఉంటాయని చెబుతూ అమెరికన్ రచయిత్రి షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969 నాటి వ్యాసంలో ప్రతిపాదించిన ఎనిమిది మెట్ల నిచ్చెనలో కూడా సమాచారం ఇవ్వడం, సంప్రదించడం మధ్య మెట్ల మీదే ఆగిపోతాయి. అధికారం పంచుకోవడం ఆరో మెట్టు దగ్గర గానీ మొదలు కాదు. మీ గైడు ఆ వ్యాసం చదవమని చెప్పే ఉంటారు. నాకు మాత్రం ఈ తేడా బోరుబావుల దగ్గర అర్థమైంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో రైతులే భూగర్భ జలాలను కొలిచి, లెక్కగట్టి, యాజమాన్యం వహించే ప్రాజెక్టు ఒకటి మొదలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ అనే ఏడు కరువు జిల్లాల్లో నెదర్లాండ్స్ ఆర్థిక సహాయంతోను, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతోను స్వచ్ఛంద సంస్థలు దాన్ని నడిపాయి. రాయలసీమలో అలాంటి ఒక సంస్థ తరఫున నేను క్షేత్ర కార్యకర్తగా కొంతకాలం పనిచేశాను. అంతకుముందు కూడా భూగర్భ జలాల మట్టాన్ని ప్రభుత్వ శాఖ కొలిచేది; ఆ అంకెలు జిల్లా కేంద్రంలోని కార్యాలయానికి చేరేవి, ఏ ఊరి నీటి గురించి కొలిచారో ఆ ఊరికి మాత్రం అవి తెలిసేవి కావు. ఈ ప్రాజెక్టులో కొలిచేవారూ, రాసుకునేవారూ, ఆ అంకెలతో పని ఉన్నవారూ రైతులే. చివర చిన్న పరికరం కట్టిన టేపును బోరులోకి వదిలితే నీటిని తాకగానే కూత పెడుతుంది. అప్పుడు టేపు మీద ఎన్ని మీటర్లుందో చూసి పుస్తకంలో రాసేవారు. బోరు ఎంత నీరు పోస్తున్నదో డ్రమ్ము నిండడానికి పట్టే సెకన్లను బట్టి తేల్చేవారు. వానను ఊళ్లోనే పెట్టిన వర్షమాపకంతో కొలిచేవారు. ఈ వివరాలన్నీ నలుగురూ కూర్చునే చోట గోడ మీద రాసి ఉండేవి.

రబీకి ముందు జరిగే పంట నీటి బడ్జెట్ సమావేశంలో, ఆ వాగు పరీవాహక ప్రాంతంలో భూమిలోకి ఇంకిన నీరు ఎంత, రైతులు వేయదలచిన పంటలకు కావలసింది ఎంత అనేది అందరి ముందూ లెక్కగట్టేవారు. అలాంటి ఒక సమావేశంలో ఒక పెద్దాయన లేచి, వర్షమాపకం ఊరికి దిగువన ఉందని, ఆ ఏడు వాన కొండ వైపే ఎక్కువగా పడిందని, కనుక ఈ లెక్క తమ వాగుకు వర్తించదని అభ్యంతరం చెప్పాడు. ఇద్దరు ముగ్గురు ఆయన్ను బలపరచగా, ఎగువన నిండిన కుంటలను చూపించి, మరో వర్షమాపకం అక్కడ పెట్టించాలని అందరూ కలిసి తీర్మానించారు. ఆ లెక్క వేయడంలో చేయి వేసిన మా సాంకేతిక సిబ్బందికి అది రుచించలేదు, కాని దిద్దుబాటు జరిగింది. పరిశోధనలో భాగస్వామ్యం అంటే నాకు ఇప్పటికీ ఆ అభ్యంతరమే గుర్తుకు వస్తుంది. వరి వేయవద్దని మేము ఎవరికీ చెప్పలేదు, మానుకున్నవారికి డబ్బూ ఇవ్వలేదు. ఒక ఎకరా వరికి పట్టే నీటితో ఆరుతడి పంటలు అంతకంటే ఎక్కువ విస్తీర్ణంలో పండుతాయని తమ సొంత అంకెల్లో చూసుకున్నవారిలో చాలామంది తామే మారారు. మారనివారూ ఉన్నారు; ఆ నిర్ణయం వారిది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ కూడా మన నేల మీదే ఉంది. ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించేది) వేసిన అధ్యయనంలో, తల్లిదండ్రులు ఇవ్వవలసిన సమ్మతి పత్రాల మీద రెండు వేలకు పైగా చోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నాటి నివేదికలో తప్పుబట్టింది. కాగితం మీద సమ్మతి ఉంది, ఆ పిల్లల తల్లిదండ్రులు మాత్రం ఎక్కడా లేరు. మీరు సేకరించిన సంతకాల గురించి చదివినప్పుడు నాకు మొదట తట్టింది ఇదే. మీ పనిని దానితో పోల్చడం లేదు; సంతకం ఎంత తక్కువ రుజువో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పాఠశాలల్లోనూ ఇదే సమస్య. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. నేను చూసిన ఒక బడిలో తీర్మానాల పుస్తకం ముందే రాసి ఉంచి, తల్లులు కూలికి వెళ్లే వేళకు దారిలో ఆపి సంతకాలు పెట్టించుకునేవారు. కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయురాలు సమావేశాన్ని రాత్రి భోజనాల తరువాతకు మార్చి, బ్యాంకు పాస్‌బుక్కులోని పద్దులు బిగ్గరగా చదివించడం మొదలుపెట్టాక, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇవ్వని రోజుల గురించి అడిగింది ఆ తల్లులే. కూలి పోగొట్టుకుని వచ్చే మనిషికి ఆ సమయం ఎంత విలువైనదో లెక్కలోకి తీసుకోకుండా భాగస్వామ్యం గురించి మాట్లాడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

పౌర జీవితంలో ఉపాధి హామీ పథకం సామాజిక తనిఖీ చెప్పుకోదగ్గది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ ఆ అధికారాన్ని గ్రామ సభకు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచే ఈ తనిఖీలు మొదలయ్యాయి. కూలీల కుటుంబాల నుంచి వచ్చిన యువతీ యువకులు మస్టరు రోళ్లు (కూలీల హాజరు పట్టీలు) చేతపట్టుకుని ఇంటింటికీ వెళ్లి, పేరు చదివి, పని చేశారా, డబ్బు అందిందా అని అడిగి, తేలినదాన్ని మండల ప్రజావేదికలో అధికారుల ఎదుట పెట్టారు. అయితే అక్కడ బయటపడిన సొమ్ము రికవరీ, బాధ్యులపై చర్య అధికారుల చేతుల్లోనే ఉండటం వల్ల ఆ శ్రమకు తగిన ఫలితం చాలాచోట్ల దక్కలేదు.

మీ విషయానికి వస్తే, గ్రంథం సమర్పించడానికి ఇంకా ఆరు నెలలు ఉన్నాయన్నారు కనుక ఒక పని చేయవచ్చు. మీ నిర్ధారణలను తెలుగులో నాలుగైదు పేజీలకు కుదించి, ఆ రెండు గ్రామాల్లోనూ సాయంత్రం పూట చదివి వినిపించండి. ఆడవాళ్లతో విడిగా ఒకసారి కూర్చోండి, ఎందుకంటే బిందె మోసేది వాళ్లు, సభలో మాట్లాడేది ఎక్కువగా మగవాళ్లు. గ్రామస్థులు కాదన్న అంశాలను, మీరు మార్చినవాటిని, మార్చడానికి ఒప్పుకోనివాటిని కారణాలతో సహా ఒక అధ్యాయంలో రాయండి. ఒక ప్రతి పంచాయతీ కార్యాలయంలో ఉంచండి. ఆ అధ్యాయం తయారైతే శీర్షికలో ‘భాగస్వామ్యం’ అనే మాట నిస్సంకోచంగా వాడవచ్చు. వీలుపడకపోతే సంప్రదింపు అనే రాయండి, పరీక్షకులు దానికి మార్కులు తగ్గించరు.