ఫైవ్ స్టార్ అడిగితే ఏం చేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు: చెప్పాం, రాశాం, ఎవరూ పట్టించుకోలేదు. ఒకరిది సరుకుల గొడవ, ఒకరిది బ్యాంకు గొడవ, ఒక మాస్టారిది కాలనీ గొడవ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను టెలిఫోన్స్‌లో 198 సీట్లో కూర్చున్నదాన్ని. ల్యాండ్‌లైన్ డెడ్ అయితే జనం ఫిర్యాదు చేసే నంబరు అది. అందుకని ఫిర్యాదు వినేవాళ్ల వైపు నుంచి జవాబు చెబుతాను. కొన్ని జవాబులు మీకు రుచించకపోవచ్చు.

*మేడమ్ గారూ, సరుకులు తెచ్చిన కుర్రాడు గుమ్మంలోనే నిలబడి "ఫైవ్ స్టార్ ఇవ్వండి మేడమ్, తక్కువిస్తే నాకు ఇబ్బంది" అన్నాడు. చూస్తే నూనె ప్యాకెట్ కారుతోంది. మూడిస్తే పాపం, అయిదిస్తే అబద్ధం. ఏం చేయమంటారు?*
*– ఒక గృహిణి, తెనాలి*

కుర్రాడికి అయిదూ ఇచ్చేయండమ్మా. వేళకి తెచ్చాడు, మర్యాదగా మాట్లాడాడు, అతని పని అంతవరకే. కారిన ప్యాకెట్ సంగతి వేరే. చాలా యాప్‌లలో తెచ్చినవాళ్లకు ఇచ్చే రేటింగు ఒక చోట, సరుకు బాగాలేదని చెప్పే వీలు ఇంకో చోట ఉంటాయి. ఆర్డర్ తెరిచి చూస్తే కింద సహాయం అనో హెల్ప్ అనో కనిపిస్తుంది. అక్కడికి వెళ్లండి. నూనె డబ్బాలోకి ఒంపకముందే ప్యాకెట్‌ను ఫొటో తీయండి. కారిన చోటు, పైన అచ్చేసిన తేదీ రెండూ కనిపించాలి. ఒంపేశాక తీసిన ఫొటోలో ఖాళీ ప్యాకెట్ తప్ప ఏమీ ఉండదు, అవతలివాళ్లకు అదే కావాలి.

స్టార్లు ఎన్ని ఇచ్చినా, ఎన్ని కోసినా మీ చేతికి ఏ నంబరూ రాదు. ఫిర్యాదు పెడితే వస్తుంది. రేపు డబ్బు వెనక్కి అడగడానికి పనికొచ్చేది అదే.

*ఆంటీ, ఆన్‌లైన్‌లో ఇయర్‌ఫోన్స్ కొన్నాను. డబ్బాలో ఒక చీటీ ఉంది. ఫైవ్ స్టార్ రివ్యూ రాసి, స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేస్తే 100 రూపాయలు క్యాష్‌బ్యాక్ అట. మా హాస్టల్లో అందరూ చేస్తున్నారు. తప్పా?*
*– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్*

తప్పే బాబూ. నువ్వు రాసింది నమ్మి ఇంకో హాస్టల్ పిల్లాడు 1,000 రూపాయలు పెట్టి అదే కొంటాడు. ఇలాంటి రివ్యూల కోసమే భారతీయ ప్రమాణాల సంస్థ, అదే మన బీఐఎస్, 2022 నవంబరులో ఒక ప్రమాణం తెచ్చింది. పేరు ఐఎస్ 19000:2022. డబ్బో బహుమతో ఆశచూపి రాయించుకున్న రివ్యూలు ప్రచురించకూడదని అందులో ఉంది. మొదట దాన్ని స్వచ్ఛందంగా పాటించాలనే పెట్టారు కాబట్టి చీటీలు మాత్రం ఆగలేదు. ఆ చీటీని ఫొటో తీసి, కొన్న సైట్‌కే ఫిర్యాదుగా పంపు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

నేనైతే కొనేముందు ఫైవ్ స్టార్లూ చదవను, వన్ స్టార్లూ చదవను. మొదటివాళ్లు డబ్బా విప్పిన సంబరంలో ఉంటారు, రెండోవాళ్లు కోపంలో ఉంటారు. రెండు, మూడు స్టార్లు ఇచ్చినవాళ్లే "కుడి వైపుది నెల తర్వాత పనిచేయలేదు" లాంటి పనికొచ్చే ముక్క రాస్తారు.

*మేడమ్, మా బావమరిదికి యూపీఐలో 8,000 పంపితే నా ఖాతాలో కట్ అయింది, అతనికి చేరలేదు. బ్యాంకువాళ్ల ఫేస్‌బుక్ పోస్టు కింద నా ఫోన్ నంబరుతో సహా విషయం రాశాను. కాసేపటికే కస్టమర్ కేర్ అంటూ ఫోన్. స్క్రీన్ కనిపించే యాప్ ఏదో వేసుకోమన్నాడు. అనుమానం వచ్చి కట్ చేశాను. ఇప్పుడు ఏం చేయాలి?*
*– కిరాణా వ్యాపారి, ఖమ్మం*

ముందు ఆ పోస్టు కింద మీరు రాసింది తీసేయండి. మోసగాళ్లు వెతికేది సరిగ్గా అలాంటివే: డబ్బు పోయి టెన్షన్‌లో ఉన్న మనిషి, పక్కనే ఫోన్ నంబరు. ఫోన్ కట్ చేసి మంచి పని చేశారు. ఒకవేళ డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి చేయాల్సింది, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్.

ఇక మీ 8,000. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, మనిషికి మనిషి పంపిన యూపీఐ సొమ్ము అవతల జమ కాకపోతే మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి, అదీ మీరు అడగకుండానే. దుకాణానికి చెల్లించిన సొమ్మైతే గడువు అయిదు రోజులు. మీ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. ఆ నంబరు, తేదీ, మొత్తం, ఈ మూడే రాసి యాప్‌లోనూ బ్యాంకులోనూ ఫిర్యాదు పెట్టండి. బావమరిది అవసరం, పెళ్లి ఖర్చు, ఇవేవీ వద్దు. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రాయొచ్చు. పైసా ఖర్చు లేదు. సందేహాలకు 14448.

*అమ్మా, రాత్రి రైల్లో మా బోగీ బాత్రూంలో చుక్క నీళ్లు లేవు. ఇంటికొచ్చాక పెద్ద ఉత్తరం రాసి ఫిర్యాదు పెట్టాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఒక్క ముక్క వచ్చింది. అంతేనా?*
*– రిటైర్డ్ ఉద్యోగి, అనకాపల్లి*

ఇంటికొచ్చి రాస్తే అంతేనండీ. మీరు దిగాక ఆ బోగీ ఎక్కడుందో, ఎవరు చూడాలో! నీళ్లు దారిలో కొన్ని పెద్ద స్టేషన్లలో మాత్రమే పడతారు. బండి అక్కడికి చేరకముందే కబురు అందాలి. 139కి ఫోన్ చేయండి, లేదా రైల్ మదద్ యాప్‌లో పెట్టండి. పీఎన్‌ఆర్, బోగీ నంబరు, ఏ చివర బాత్రూమో చెబితే చాలు.

రైలు బాత్రూం ఫిర్యాదు అంటే నాకు ఒక పాత ఉత్తరం గుర్తొస్తుంది. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ రైల్వే డివిజన్ ఆఫీసుకు వచ్చీరాని ఇంగ్లిష్‌లో రాసింది. పనసపండు తిని కడుపుబ్బరంతో అహ్మద్‌పూర్ స్టేషన్లో దిగాడట పాపం. పని కానిస్తుండగానే గార్డు ఈల వేశాడు. ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో పంచె పట్టుకుని పరిగెత్తి ప్లాట్‌ఫారం మీద పడ్డాడు. ఆడా మగా అందరి ముందూ పరువు పోయింది, బండీ పోయింది. ఆ గార్డుకు పెద్ద జరిమానా వేయాలి, లేకపోతే పేపర్లకెక్కిస్తాను అని ముగించాడు. మామూలు ప్రయాణికుల బోగీల్లో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఢిల్లీ రైలు మ్యూజియంలో దాన్ని ప్రదర్శనకు పెట్టారు.

అది చదివి అందరూ భాష చూసి నవ్వుతారు. నేను 198 కళ్లతో చూస్తాను. ఏ స్టేషను, ఏం జరిగింది, ఎవరి వల్ల, ఏం చేయాలి, చేయకపోతే నేనేం చేస్తాను, అన్నీ అరపేజీలో ఉన్నాయి. వ్యాకరణం తప్పులు ఏ గుమాస్తాకీ అడ్డురావు. మీరు రాసిన ఉత్తరం నాకూ పంపారు కదా, చక్కటి తెలుగు. కానీ బోగీ నంబరు రెండో పేజీలో ఉంది.

*మేడమ్, మా కాలనీ కమిటీ "సలహాలు వాట్సాప్ గ్రూపులో పెట్టండి" అంటుంది. పెడితే పైన పది గుడ్ మార్నింగ్ పువ్వులు, కింద ఎవరిదో పుట్టినరోజు. మంచినీళ్లు వదిలే వేళ మార్చమని నేను ఎన్నిసార్లు పెట్టినా సెక్రటరీ గారు "చూడలేదండీ మాస్టారూ" అంటారు. గట్టిగా అడిగితే "గ్రూపులో గొడవలొద్దు" అని అడ్మిన్ నా మెసేజ్ డిలీట్ చేశారు. సలహా ఎలా చెప్పాలి?*
*– రిటైర్డ్ టీచర్, హైదరాబాద్*

మాస్టారూ, ఇందులో సెక్రటరీ గారి తప్పు సగమే. పువ్వులూ ఫిర్యాదులూ ఒకే గొట్టంలోంచి వస్తే ఎవరికైనా కళ్లు మూతపడతాయి. ముందు నోటీసులకు వేరే గ్రూపు పెట్టించండి, అందులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ ఉంది. పాత గ్రూపులో ఎవరైనా జవాబిస్తే, ఏ మెసేజ్‌కి ఇస్తున్నారో దాన్ని పక్కకు జరిపి దాని కిందే రాయమనండి. అప్పుడు "అవును", "కరెక్టే" అన్నవి నీళ్లకో, పుట్టినరోజుకో తెలుస్తాయి. నీళ్ల వేళలాంటి వాటికి పోల్ పెట్టండి: పొద్దున ఆరా, ఏడా. వాదన పెరగదు, ఎవరెటువైపో తేలిపోతుంది.

ఇవన్నీ చేసినా ఫోన్‌లో రాసింది ఫోన్‌లోనే పోతుంది. నా మాట విని వాచ్‌మన్ బల్ల మీద ఒక రూళ్ల పుస్తకం పెట్టించండి. తేదీ, ఫ్లాట్ నంబరు, సమస్య, ఎవరికి అప్పగించారు, ఏం చేశారు. చివరి గడి ముఖ్యం. అది ఖాళీగా ఉంటే వచ్చేపోయేవాళ్లందరికీ కనబడుతుంది. అడ్మిన్ గారు మెసేజ్ డిలీట్ చేయగలరు కానీ, అందరూ చూసే పుస్తకంలో పేజీ చింపడానికి మొహమాటం అడ్డొస్తుంది.

ఇంకో సంగతి. వానాకాలంలో 198కి ఒకే వీధి నుంచి వరసగా ఫోన్లు వచ్చేవి. అందరూ "మా ఫోన్ డెడ్" అనేవారు. లైన్‌మన్ ఒక్కో ఇంటికీ వెళ్లి పరికరం విప్పి చూసుకునేవాడు. ఎవరో ఒక మహాతల్లి "మాదే కాదమ్మా, ఎదురింటిదీ పక్కింటిదీ కూడా" అనగానే నాకు విషయం తెలిసిపోయేది. లోపం ఇంట్లో లేదు, వీధి చివర పిల్లర్‌లోనో (ఆ వీధి లైన్లన్నీ కలిసే ఇనప పెట్టె), కేబుల్‌లోనో ఉంది. చీటీ మీద ఆ మాట రాసిపంపితే లైన్‌మన్ సరాసరి పిల్లర్ దగ్గరికే వెళ్లేవాడు, వీధి మొత్తానికి ఒకేసారి ఫోన్లు మోగేవి. మీరూ "నాకు నీళ్లు రావడం లేదు" అని రాయకండి. ఎవరెవరికి రావడం లేదో మీరే నాలుగిళ్లు అడిగి, ఆ ఫ్లాట్ నంబర్లన్నీ ఒకే ఫిర్యాదులో రాయండి. పై అంతస్తులవే అయితే వేళ మార్చినా లాభం లేదు, ప్లంబర్‌ను పిలవాలి.

అప్పట్లో నన్ను తిట్టినవాళ్లు ఎంతమందో! వాళ్లమీద నాకేం కోపం లేదు. నాలుగు రోజులు ఫోన్ లేకపోతే నేనూ తిడతాను. కాకపోతే, తిట్టు వినేది ఒకరు, పని చేసేది ఇంకొకరు. తిట్టు నా దగ్గరే ఆగిపోయేది. "పగలు ఇంటికి తాళం ఉంటుంది, అయిదు తర్వాత రండి" అనే మాట మాత్రం చీటీ మీదికెక్కి లైన్‌మన్ జేబులో వెళ్లేది.

*మేడమ్ గారూ, మా ఊళ్లో మురుగు కాలువ పొంగుతోందని కలెక్టరేట్‌లో ప్రజావాణిలో అర్జీ ఇచ్చాను. కొన్నాళ్లకు "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. కాలువ మాత్రం అలాగే ఉంది. మళ్లీ సోమవారం వెళ్లి మొరపెట్టుకోవాలా?*
*– యువ రైతు, నల్గొండ జిల్లా*

వెళ్లండి, కానీ కొత్త అర్జీగా ఇవ్వకండి. పాత అర్జీ నంబరు వేసి, "పరిష్కారం కాలేదు, తిరిగి తెరవండి" అని మొదటి వాక్యంలోనే రాయండి. కాలువను ఇవాళే ఫొటో తీసి జతచేయండి. లేకపోతే అది మొదటి అర్జీలాగే మళ్లీ మొదటి మెట్టు నుంచి నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకూ ఇదే మాట. అక్కడా కలెక్టరేట్లలో సోమవారమే అర్జీలు తీసుకుంటారు, 1100కి ఫోన్ చేసి నంబరు చెబితే ఎక్కడుందో తెలుసుకోవచ్చు.

దాంతోపాటే సమాచార హక్కు చట్టం, 2005 కింద ఒక దరఖాస్తు వేయండి. కాలువ ఎందుకు బాగుచేయలేదని అడగొద్దు, "ఎందుకు" అన్నదానికి తప్పించుకునే జవాబులు వస్తాయి. కాగితాలు అడగండి. నా అర్జీని మూసిన అధికారి హోదా, మూసిన తేదీ, స్థలం చూసి రాసిన తనిఖీ నివేదిక నకలు. నివేదిక లేకపోతే లేదని రాసివ్వాలి, ఆ ఒక్క ముక్కతో మీ పని చాలావరకు అయినట్టే. తెలుగులోనే రాయొచ్చు, తెల్ల కాగితం చాలు. రుసుము గ్రామ స్థాయి ఆఫీసుకు ఏమీ లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. చేత్తో ఇస్తే మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "తర్వాత వేస్తాం, వెళ్లిరా బాబూ" అంటే అక్కడే బెంచీ మీద కూర్చోండి.