స్వెత్లానా అనే పేరు ఎక్కడిది, అర్థం ఏమిటి?
రష్యన్‌లో "స్వెత్" అంటే వెలుగు, అందులోంచి వచ్చిందే స్వెత్లానా, కాంతిమతి అనుకోండి. మన శ్వేతకి దూరపు చుట్టమే, రెండు మాటలకీ ఇండో-యూరోపియన్ మూలం ఒకటే. తమాషా ఏంటంటే వాళ్లు ఇంట్లో ముద్దుగా పిలిచేది కూడా "స్వేతా" అనే.

చాలామంది ఇది పాతకాలపు స్లావ్ పేరు అనుకుంటారు గానీ, నిజానికి 1802లో వొస్తోకోవ్ అనే కవి తన కథాకావ్యం కోసం పుట్టించాడు, ఆ తర్వాత 1813లో జుకోవ్‌స్కీ అనే మరో కవి అదే పేరుతో బల్లాడ్ (కథాగేయం) అచ్చువేయించాక అందరి నోళ్లలోనూ పడింది. అయినా పిల్లలకి పెట్టుకోవడానికి లేదు, ఎందుకంటే బాప్తిజంలో సెయింట్ల జాబితాలో ఉన్న పేరే పెట్టాలని ఆర్థడాక్స్ చర్చి పద్ధతి, ఇదేమో అందులో లేదు. విచిత్రంగా యుద్ధనౌకకి మాత్రం పెట్టారు, అది 1905లో జపాన్‌తో యుద్ధంలో సుషిమా దీవి దగ్గర మునిగిపోయింది. 1917 విప్లవం తర్వాత అడ్డు తొలగింది. 1926లో పుట్టిన కూతురికి స్టాలిన్ ఇదే పేరు పెట్టాడు.

ఇప్పటికీ బాప్తిజం అప్పుడు స్వెత్లానాలకి సాధారణంగా ఫొతీనియా అనే పేరు ఇస్తారు. గ్రీకు మూలంలో అదీ వెలుగే.