హామ్‌స్టర్‌కు తోడు తేవాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. అడిగి అడిగి ఒక సిరియన్ హామ్‌స్టర్‌ను (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు) తెప్పించుకుంది. అది పగలంతా ముడుచుకుని పడుకునే ఉంటుంది. ముద్దు చేద్దామని పాప చేతిలోకి తీసుకుంటే కరుస్తోంది. రాత్రి మేమంతా పడుకున్నాక బోను ఊచలను కటకటా కొరుకుతూ ఎవరినీ నిద్రపోనివ్వదు. ఒంటరిగా ఉండి బెంగ పెట్టుకుందేమో అనిపిస్తోంది. ఇంకొకదాన్ని తెస్తే సర్దుకుంటుందా? తెస్తే ఆడదా, మగదా?
– ఒక తల్లి

జవాబు: తేకండి. ఆడదీ వద్దు, మగదీ వద్దు, దాని తోబుట్టువు దొరికినా వద్దు. సిరియన్ హామ్‌స్టర్‌కు పుట్టిన 8–10 వారాలు దాటితే తన జాతిలో ఎవరితోనూ పొసగదు. కొత్తగా కలిపినప్పుడు పక్కపక్కనే పడుకుంటాయి, చూసేవాళ్లు స్నేహమే అనుకుంటారు. తర్వాత ఏదో ఒక రాత్రి రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి. చెవులు తెగినవాటికి, పొట్ట కింద చర్మం చీలినవాటికి కుట్లు వేసిన పశువైద్యురాలిని కాబట్టి ఇంత ఖండితంగా చెబుతున్నాను. ఆడదాన్నీ మగదాన్నీ కలిపితే పిల్లలు కూడా. గర్భం 16 రోజులే, ఈతకు ఎనిమిది పుట్టడం మామూలు.

1930లో జంతుశాస్త్రవేత్త ఇజ్రాయెల్ అహరోని సిరియాలోని అలెప్పో దగ్గర ఒక పొలం తవ్వించి ఒక తల్లినీ దాని పిల్లలనూ పట్టించారు. ఇవాళ ఇళ్లలో ఉన్న సిరియన్ హామ్‌స్టర్లలో చాలావరకు ఆ కుటుంబం సంతతే. అక్కడి పొలాల్లో ఇవి అర మీటరుకు మించిన లోతున బొరియలు తవ్వుకుంటాయి. పెద్దయిన జంతువు బొరియకు ఒకటే. గూడు ఒక గది, గింజల నిల్వ ఇంకో గది. మీ బోనులో ఉన్నదానికీ ఆ తవ్వే యావ అలాగే ఉంది, తవ్వడానికి చోటే లేదు. ఊచలు కొరకడానికి ముఖ్య కారణం ఇదే. దాన్ని బాధిస్తున్నది ఒంటరితనం కాదు, ఇరుకు.

ముందుగా బోను మార్చండి. అడుగుభాగం కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. అంతస్తులు, నిచ్చెనలు ఎన్ని ఉన్నా ఈ చోటుకు సాటిరావు. పైగా ఎత్తు అంచనా వేయలేక పడి కాళ్లు విరగ్గొట్టుకుంటుంది. అందులో కాగితంతో చేసిన బెడ్డింగ్‌ను (బోను అడుగున పరిచే పొట్టును) 25–30 సెంటీమీటర్ల మందాన నింపి, చేత్తో కాస్త అదమండి. వదులుగా ఉంటే సొరంగం నిలవదు. దేవదారు, పైన్ చెక్కపొట్టు వద్దు, వాటి ఘాటు ఊపిరితిత్తులకు మంచిది కాదు. ‘మెత్తని గూడు’ అంటూ అమ్మే దూది అసలే వద్దు. దాని పోగు కాలికి చుట్టుకుని బిగిస్తే పాదం నల్లబడిపోతుంది. తిండి దాచుకునే బుగ్గసంచిలో ఇరుక్కుంటే హామ్‌స్టర్ దాన్ని బయటికి తీసుకోలేదు.

తిరిగే చక్రం అడుగు ఊచలతో కాకుండా నిండుగా ఉండాలి, వ్యాసం 28 సెంటీమీటర్లు. అది పరుగెత్తేటప్పుడు పక్కనుంచి చూడండి: వీపు వంగుతుంటే చక్రం చిన్నదన్నమాట. నీళ్లతో స్నానం చేయించకండి. ఒక గిన్నెలో దుమ్ములేని ఇసుక పోసి ఉంచితే అందులో పొర్లి ఒంటిని అదే శుభ్రం చేసుకుంటుంది.

ఇక కరవడం సంగతి. హామ్‌స్టర్ తిరిగేది సంజవేళ, రాత్రి. మంచి నిద్రలో ఉన్నదాన్ని పైనుంచి పట్టుకుంటే, ఆ చెయ్యి దానికి గద్ద పంజాలాగే ఉంటుంది. కరవక ఏం చేస్తుంది? చూపు అంతంతమాత్రం, ఎవరినైనా వాసనతోనే గుర్తుపడుతుంది. పాపను వాసన లేని సబ్బుతో చేతులు కడుక్కోమనండి. వేళ్లకు తిండి వాసన ఉంటే వేలినే కొరికి చూస్తుంది. సాయంత్రం అది తనంతట తాను లేచి వచ్చాక, అరచేతిలో ఒక పొద్దుతిరుగుడు గింజ పెట్టుకుని చెయ్యి కదపకుండా ఉంచాలి. మొదట్లో గింజ లాక్కుని పారిపోతుంది. రానురాను చేతిలోనే కూర్చుని, గింజను ముందుకాళ్లతో తిప్పి చెక్కు తీసి, పప్పును బుగ్గలోకి తోసుకుంటుంది. ఆ బుగ్గసంచులు భుజాలు దాటి వెనక్కి సాగడం అప్పుడు చూడాలి! అంత నమ్మకం కుదిరాకే కిందినుంచి రెండు దోసిళ్లతో ఎత్తాలి, అదీ నేలమీద కూర్చునే. మీరు పక్కన ఉండండి. ఎనిమిదేళ్ల పాప ప్రేమిస్తుంది, ఆడుకుంటుంది. బాధ్యత మాత్రం పెద్దవాళ్లదే.

శుభ్రం చేసేటప్పుడు బెడ్డింగ్ మొత్తం ఒక్కసారి తీసేయకండి. తడిసిన మూల మార్చి, పొడిగా ఉన్నదాన్ని కొంత అలాగే ఉంచండి. తన వాసన లేని ఇల్లు దానికి పరాయి ఇల్లే. గింజల నిల్వనూ వదిలేయండి, కుళ్లే కూరముక్కలు ఉంటే అవి తీస్తే చాలు. నిమ్మజాతి పండ్లు, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ పెట్టకూడదు.

ప్రశ్న: మా మగ హామ్‌స్టర్‌కు రెండు తుంట్ల మీదా నల్లటి మచ్చలు కనిపించాయి. అక్కడ వెంట్రుకలు పలచబడ్డాయి. గజ్జి మందు రాయవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ఏమీ రాయకండి. అవి వాసన గ్రంథులు, తన హద్దులను గుర్తు పెట్టుకోవడానికి పుట్టుకతో వచ్చినవి. మగవాటిలో ఇంకా ప్రస్ఫుటంగా ఉంటాయి. మచ్చలు రెండువైపులా ఒకేలా, చదునుగా ఉంటే భయం లేదు. ఒకవైపే ఉబ్బినా, పుండుపడినా డాక్టరుకు చూపించండి. పళ్లు పసుపుగా ఉన్నాయని అడిగేవాళ్లకు కూడా చెబుతున్నాను, వాటి రంగే అది.

ప్రశ్న: కొత్తగా తెచ్చిన చిన్న హామ్‌స్టర్ నిన్నటినుంచి నీళ్లగా విరేచనం చేస్తోంది. తోక కింద తడి ఆరడం లేదు, తిండి ముట్టడం లేదు. ఇంట్లో బాబుకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ ఉంది, రెండు చుక్కలు వేయనా?
– ఒక పాఠకురాలు

జవాబు: వేయకండి! అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులు హామ్‌స్టర్ పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపేస్తాయి. ఆ ఖాళీలో విషం పుట్టించే క్రిములు పెరిగి, రోగం కంటే ముందు మందే ప్రాణం తీయవచ్చు. మీరు చెప్పిన లక్షణాలు తల్లిపాలు మానిన పిల్లలకు, ఇల్లు మారిన బెదురులో వచ్చే ‘వెట్ టెయిల్’ అనే పేగు జబ్బువి కావచ్చు. ఆలస్యమైతే ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతాయి. ఈ జవాబు కోసం ఎదురుచూడకుండా మీరు ఇప్పటికే వెళ్లి ఉండాలని కోరుకుంటున్నాను. ఇలాంటి లక్షణాలు చూసిన మిగతావాళ్లు ఆ రోజే వెళ్లండి. చిన్న జంతువులను చూసే పశువైద్యులేనా అని ముందు ఫోనులో కనుక్కోండి. ఒంట్లో నీరు ఇంకిపోకుండా ద్రవాలు ఎక్కించాలి, దానికి సరిపడే మందు బరువు తూచి ఇవ్వాలి, ఇంట్లో కుదరదు. వెళ్లేదాకా వెచ్చగా ఉంచండి, నీళ్లు అందుబాటులో పెట్టండి, కూరలు, పండ్లు ఆపండి. చిన్న పెట్టెలో దాని గూటి బెడ్డింగే వేసి తీసుకెళ్లండి. ఇది అంటుకునే జబ్బు. ఇంట్లో వేరే బోనులో ఇంకో హామ్‌స్టర్ ఉంటే, దీన్ని తాకిన చేతులను సబ్బుతో కడుక్కోకుండా దాని జోలికి వెళ్లకండి.